లిఫ్ట్ కిట్ ఎంత ఎత్తుది పెట్టించాలి? నాలుగు అంగుళాలు మరీ ఎక్కువా?

ఎర్రమట్టి
అందరికీ నమస్కారం. నాది ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్. టైర్లు బండితో వచ్చినవే, 265/65 ఆర్17. ఆరు నెలల కింద ముందు స్టీల్ బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) పెట్టించాను. పోయిన వారం అడవి దారిలో లోతైన గాళ్ళు పడ్డచోట బండి అడుగు మూడుసార్లు కొట్టుకుంది. ఒకసారైతే రాయి మీద ఎక్కి కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. చివరికి విన్చ్‌తో లాక్కున్నాం.

ఇంటికొచ్చాక లిఫ్ట్, అంటే బండిని నేల నుంచి ఇంకాస్త పైకి లేపడం, చేయించాల్సిందేనని తేల్చుకున్నాను. చేయిస్తే నాలుగు అంగుళాలు చేయించేద్దామని ఉంది. ఒకాయన స్పేసర్లు (స్ప్రింగు పైన పెట్టే ముక్కలు) చాలన్నాడు. ఇంకొకాయన పూర్తి కిట్ వేస్తే తప్ప తన షెడ్డుకు రావద్దన్నాడు. మూడో ఆయన బాడీ లిఫ్ట్ అంటున్నాడు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. కాస్త దారి చూపించండి.

పొదుపరి
స్పేసర్లు వేయించండి బ్రదర్. ఒక్క పూటలో అయిపోతుంది. నాలుగేళ్ళుగా వాడుతున్నా, ఏ గొడవా లేదు. మిగతాదంతా అమ్మేవాళ్ళ హడావుడి.

గతుకులరాజు
ఎత్తు సంగతి తర్వాత. బండికి కింద ఎక్కడ తగిలింది? పడుకుని చూశారా? గీతలు ఎక్కడ పడ్డాయో చెప్పండి. ముందు బంపర్ కిందా, మధ్యలోనా, వెనక డిఫరెన్షియల్‌కా (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బాకా)? దాన్నిబట్టే మందు.

ఎర్రమట్టి
ఇప్పుడే టార్చి వేసి చూశాను. రెండువైపులా ఫుట్‌బోర్డులు వంగిపోయాయి, ఎడమవైపుది బాగా. గేర్‌బాక్స్ కింది పలక మీద ఒక పెద్ద గీత. వెనక డిఫరెన్షియల్ అడుగున కూడా రాయి గీసిన గుర్తుంది.

గతుకులరాజు
అయితే మొదటి లిఫ్ట్ ఉచితం. ఆ ఫుట్‌బోర్డులు విప్పి పక్కన పెట్టండి. చాలా బండ్లలో చాసిస్ (బండి కింది ఉక్కు చట్రం) కన్నా కిందికి వేలాడేది అవే. రాళ్ళ మీద వెళ్ళాలనుకుంటే వాటి బదులు చాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు పెట్టించుకోండి, బండి బరువంతా వాటిమీద ఆనినా తట్టుకుంటాయి.

ఇంకోమాట. వెనక డిఫరెన్షియల్‌కి తగిలిందంటున్నారు కదా, దానికి లిఫ్ట్ కిట్ ఏమీ చేయలేదు. నాలుగు అంగుళాలు కాదు, పది అంగుళాలు లేపినా వెనక ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. అది ఆనేది టైరు మీద, స్ప్రింగు మీద కాదు.

ఎర్రమట్టి
అదేంటి అన్నా! లిఫ్ట్ చేస్తే కింద ఖాళీ పెరగదా?

పానా19
పెరుగుతుంది, కానీ అన్నిచోట్లా కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

మీ బండికి వెనక గట్టి ఇరుసు, అంటే రెండు చక్రాల మధ్య ఒకటే దూలం. స్ప్రింగులు దానికి పైన ఉంటాయి. పొడుగు స్ప్రింగు వేస్తే చాసిస్, బాడీ పైకి లేస్తాయి, ఇరుసు లేవదు. దాన్ని లేపాలంటే పెద్ద టైరే దిక్కు. టైరు వ్యాసం రెండు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక అంగుళం. ముందువైపు కథ వేరు. అక్కడ చక్రాలు దేనికవే విడిగా ఆడతాయి, డిఫరెన్షియల్ చాసిస్‌కి బిగించి ఉంటుంది. అందుకని చాసిస్‌తోపాటు అదీ లేస్తుంది. వినడానికి బాగానే ఉంది కానీ తిప్పలు మొదలయ్యేదీ అక్కడే. డిఫరెన్షియల్ పైకి వెళ్ళింది, చక్రం కిందే ఉంది, మధ్యలో చక్రాన్ని తిప్పే సీవీ షాఫ్ట్ ఏటవాలు అవుతుంది. ఏటవాలు ఎక్కువైతే దాని జాయింట్ల మీదుండే రబ్బరు బూట్లు (తొడుగులు) ఒరుసుకుని చినుగుతాయి, గ్రీజు పోతుంది, దుమ్ము చేరి జాయింటు అరుగుతుంది. రెండు, మహా అయితే రెండున్నర అంగుళాలు దాటితే ఈ బాధ ఖాయం. కొందరు డిఫరెన్షియల్‌ని ఒక అంగుళం దించే ముక్కలు వేస్తారు. దాంతో కోణం తగ్గుతుంది, కిందున్న ఖాళీ కూడా తగ్గుతుంది.

బాడీ లిఫ్ట్ అంటే చాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. సస్పెన్షన్‌ని ముట్టుకోదు, సీవీ కోణం మారదు. పెద్ద టైరుకి మడ్‌గార్డులో చోటు దొరుకుతుంది. కానీ మీకు రాయి తగిలిన గేర్‌బాక్స్ పలక చాసిస్‌తోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. మీ అవసరానికి అది పనికిరాదు.

ఇక నాలుగు అంగుళాలు. ఇలాంటి ముందు సస్పెన్షన్ ఉన్న బండికి నాలుగు అంటే మామూలు కిట్ కాదు. కింది ఆర్ములు (చక్రాన్ని చాసిస్‌కి కలిపే చేతులు), డిఫరెన్షియల్ అన్నీ దించే బ్రాకెట్లు, పొడుగు నకిల్స్ (చక్రాన్ని పట్టుకునే ముక్కలు) కావాలి, చాలా కిట్లలో చాసిస్ అడ్డ దూలం కోయాలి కూడా. ఒకసారి కోశాక వెనక్కి రావడం ఉండదు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి 35 అంగుళాల టైర్లు కావాలి, అందుకు వెళ్తారు. మీకు కావలసింది అది కాదని నా అభిప్రాయం.

జిమ్నీపిట్ట
నా అనుభవం కూడా చెప్తా. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే కాబట్టి సీవీ కోణం గొడవ లేదని ధీమాగా 50 మి.మీ. స్ప్రింగులు మాత్రం వేయించి వచ్చేశా. మట్టిదారిలో రాజాలా ఉంది. హైవే ఎక్కగానే మొదలైంది భాగవతం. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకి రాదు. ఎనభైలో బండి కుడికీ ఎడమకీ తడుముకుంటూ పోతోంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చోవాలి.

కారణం తర్వాత తెలిసింది. బండి లేచేసరికి ముందు ఇరుసుని పట్టుకున్న ఆర్ములు కిందికి వాలి, దాంతో ఇరుసు కాస్త ముందుకి తిరిగింది. స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే కాస్టర్ కోణం పడిపోయింది. రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉండే కాస్టర్ బుష్‌లు వేయించాక దారికొచ్చింది. అప్పుడు చూస్తే వెనక నుంచి బండి ఒకపక్కకి జరిగినట్టుంది! ఎడమ చక్రం మడ్‌గార్డు దాటి బయటికి, కుడిది లోపలికి. దానికి సైజు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసుని అడ్డంగా పట్టుకునే కడ్డీ) వేయించా. స్ప్రింగులతో పోయేది మూడు పనులైంది.

పొదుపరి
అందుకే చెప్పా స్పేసర్లు అని. స్ప్రింగూ మారదు, షాకూ (షాక్ అబ్జార్బరూ) మారదు. కంపెనీ నడక అలాగే ఉంటుంది.

పానా19
పొదుపరి గారూ, సగం ఒప్పుకుంటా. అర అంగుళం, ముప్పావు అంగుళం స్పేసరు, ఖాళీ బండి, మామూలు వాడకం అయితే పేచీ లేదు. మీ నాలుగేళ్ళు అబద్ధం కాదు.

కానీ స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకు కలిసిన భాగం) నెత్తిన పెట్టే స్పేసరు చేసే లెక్క చూడండి. స్ట్రట్ కింది ఆర్ముకి సుమారు మధ్యలో ఆనుతుంది కాబట్టి 25 మి.మీ. ముక్క పెడితే చక్రం దగ్గర దాదాపు 45, 50 మి.మీ. లేస్తుంది. షాకు పొడుగు మారలేదు, కానీ మొత్తం కిందికి జరిగింది. చక్రం గాలిలో వేలాడినప్పుడు కంపెనీ అనుకున్నదానికన్నా కిందికి దిగుతుంది, బాల్ జాయింటు, సీవీ రెండూ చివరి అంచుకి పోతాయి. గట్టి గుంతలో పడితే దెబ్బ కాచే రబ్బరు బంప్‌స్టాప్ తగిలేలోపే షాకు లోపల అడుగు తగలొచ్చు. అసలు సంగతి ఇంకొకటి. ఎర్రమట్టి గారి బండికి ముందు బంపరూ విన్చూ ఉన్నాయి. కంపెనీ స్ప్రింగు ఆ బరువుకి ఇప్పటికే కుంగి ఉంటుంది. కుంగిన స్ప్రింగు మీద ముక్క పెడితే ఎత్తు కనిపిస్తుంది, బలం రాదు. నేల విడిచి సాము లాంటిది.

కొలతబద్ద
ఇంతసేపూ బరువు మాట ఒక్కరూ ఎత్తలేదు, పానా19 గారు చివర్లో ఎత్తారు, సంతోషం. ఎర్రమట్టి గారూ, ఎన్ని అంగుళాలు అని అడగకండి, ఎన్ని కిలోలు అని అడగండి. మంచి కంపెనీలు, ఉదాహరణకి ఎ.ఆర్.బి. వాళ్ళ ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, డాబిన్సన్స్, ఒకే బండికి మూడు నాలుగు రకాల స్ప్రింగులు ఇస్తాయి. ఖాళీ బండికి ఒకటి, బంపర్ ఉన్నదానికి ఒకటి, బంపరూ విన్చూ కలిసి ఉంటే ఇంకొకటి. వెనకకి కూడా ఎప్పుడూ ఉండే లోడుని బట్టి మారుతుంది. రెండు అంగుళాలని రాసిన స్ప్రింగు మీ బరువుకి సరిపడేదైతేనే రెండు అంగుళాలు ఇస్తుంది.

వేబ్రిడ్జి మీదికి వెళ్ళండి. ట్యాంకు నింపి, మీరు కూర్చుని, ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి. తర్వాత ట్రిప్పుకి వెళ్ళేటప్పుడు ఉండే సామానంతా పెట్టి మళ్ళీ. ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకండి, టైరు గాలి తేడా వస్తే లెక్క తప్పుతుంది. చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నాలుగు చోట్లా.

ఎర్రమట్టి
కొలతబద్ద గారూ, మీ మాట మీద వెళ్ళొచ్చాను. వేబ్రిడ్జి ఆయన నన్ను వింతగా చూశాడు.

ఇప్పుడున్నట్టు: ముందు 1330, వెనక 960, మొత్తం 2290 కిలోలు. ట్రిప్పు సామానుతో, ఇంకో ఇద్దరితో: ముందు 1350, వెనక 1270, మొత్తం 2620.
కొలతలు ఖాళీగా: ముందు ఎడమ 482, కుడి 488 మి.మీ. ఇదే మోడల్, ఏ మార్పూ లేని నా మిత్రుడి బండి కూడా కొలిచాను. దానికి ముందు 512, 516 వచ్చింది.

కొలతబద్ద
అదిగో దొంగ దొరికాడు. మీ బండి ముందు భాగం 30 మి.మీ. కుంగిపోయి ఉంది. అంటే అంగుళానికి పైనే! గాడిలో అడుగు కొట్టుకోక ఏం చేస్తుంది?

బంపరూ విన్చూ కలిపి 95 కిలోలు అనుకుందాం. అవి ముందు ఇరుసు మీద లేవు, దానికన్నా ముందుకి వేలాడుతున్నాయి. మీ వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2745 మి.మీ. ఆ బరువు ఇరుసుకి 900 మి.మీ. ముందుందనుకుంటే ముందు ఇరుసు మీద పడేది 95 కాదు, దాదాపు 126 కిలోలు. మిగతా 31 వెనక ఇరుసు నుంచి తగ్గుతుంది. అంటే ముందు కుంగి, వెనక లేచి, బండి తల వంచుకుని నడుస్తోందన్నమాట. కాబట్టి ముందుకి బంపర్, విన్చ్ బరువుకి తగ్గ స్ప్రింగు తప్పనిసరి. సరైన స్ప్రింగు వేసి కంపెనీ ఎత్తు కన్నా 40 మి.మీ. లేపినా, ఇప్పుడున్నదానితో పోలిస్తే మీకు 70 మి.మీ. లేచినట్టు.

వెనక కొంచెం ఆలోచించాలి. ఖాళీకీ లోడుకీ మధ్య 310 కిలోల తేడా. లోడుకి తగ్గ గట్టి స్ప్రింగు వేస్తే ఖాళీగా తిరిగే రోజుల్లో ఎడ్లబండే. ఏడాదిలో ఎన్ని రోజులు నిండా సామానుతో తిరుగుతారు?

ఎర్రమట్టి
నిజం చెప్పాలంటే పదిహేను, ఇరవై రోజులు. మిగతా రోజులు ఆఫీసుకే.

కొలతబద్ద
అయితే వెనక మధ్యరకం స్ప్రింగు వేసి, కాయిల్ లోపల కూర్చునే ఎయిర్ బ్యాగులు పెట్టించుకోండి. ట్రిప్పుకి ముందు గాలి కొట్టండి, తిరిగొచ్చాక తగ్గించండి. ఒకటి గుర్తుంచుకోండి, స్ప్రింగు మారినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు పెరగదు. బండి బరువు పరిమితి పలక మీద కంపెనీ రాసిన అంకెదే చివరి మాట.

నాలుగోగేరు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. షాకుల్లో మోనోట్యూబా (ఒకే గొట్టం), ట్విన్‌ట్యూబా (గొట్టంలో గొట్టం)? ఏది మంచిదో ఎవరూ తేల్చి చెప్పరు.

పానా19
తేల్చరు, ఎందుకంటే వాడకాన్ని బట్టి మారుతుంది. గంటల తరబడి గరగరలాడే కంకర రోడ్డు మీద పోతే షాకులో నూనె వేడెక్కుతుంది, నురగ కడుతుంది, పట్టు పోతుంది. మోనోట్యూబులో నూనెనీ నైట్రోజన్ గ్యాసునీ వేరుచేసే పిస్టన్ ఉంటుంది, వేడి కూడా నేరుగా గొట్టం నుంచి బయటికి పోతుంది. బిల్‌స్టీన్ 5100 ఆ రకమే. కానీ గొట్టానికి రాయి తగిలి సొట్ట పడిందా, లోపలి పిస్టన్ అక్కడ ఇరుక్కుంటుంది. ట్విన్‌ట్యూబుకి బయటి గొట్టం సొట్టపడినా లోపలిది పని చేస్తూనే ఉంటుంది. ఫోమ్‌సెల్ అనేవి ట్విన్‌ట్యూబులే, గ్యాసు బదులు నురుగు పదార్థం ఉంటుంది కాబట్టి నూనెలో గాలి కలవదు.

నా లెక్కలో షాకు రకం కన్నా స్ప్రింగుతో జత కుదరడం ముఖ్యం. గట్టి స్ప్రింగుకి పాత షాకు వేస్తే స్ప్రింగు తిరిగి తన్నే తన్నుని షాకు ఆపలేదు, గుంత దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. పైగా పొడుగు స్ప్రింగు మీద పాత షాకు ఎప్పుడూ చివరిదాకా సాగే ఉంటుంది. స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమంటుంది. అందుకే రెండూ ఒకే కంపెనీ కిట్‌గా తీసుకోమంటా.

గతుకులరాజు
టైర్ల మాట నేను చెప్తా. 265/70 ఆర్17 వేయండి. వ్యాసం 776 నుంచి 803 మి.మీ. అవుతుంది, ఇరుసు 13 మి.మీ. లేస్తుంది. రాయి గీసిన డిఫరెన్షియల్‌కి దొరికే అసలైన ఎత్తు ఇదొక్కటే. స్పీడోమీటరు మూడున్నర శాతం తక్కువ చూపిస్తుంది, అంతే. 285/70కి వెళ్తే 831 అవుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది, బండి గేరులో నీరసిస్తుంది, స్టెప్నీకి చోటు చాలకపోవచ్చు.

మరొకటి, ఎవరికీ నచ్చని మాట. చక్రాల మధ్య వెడల్పు 1600, బరువు కేంద్రం 700 ఎత్తులో ఉందనుకోండి. 1600ని 700కి రెట్టింపుతో భాగిస్తే 1.14. లిఫ్ట్ తర్వాత కేంద్రం 742కి వెళ్తే 1.08. పక్కకి దొర్లకుండా నిలిచే శక్తి దాదాపు ఆరు శాతం పోయినట్టు. దానికి తోడు బండి పైకప్పు మీద టెంటు పెడితే ఇంకా పోతుంది. అడ్డవాలు మీద నేను రెండంగుళాలకే వణికిపోతా.

ఎర్రమట్టి
సరే, తేల్చుకున్నాను. ముందు బంపర్, విన్చ్ రకం స్ప్రింగులు, వెనక మధ్యరకం, నాలుగు షాకులూ అదే కిట్‌వి, 40 మి.మీ. టైర్లు 265/70. ఫుట్‌బోర్డులు తీసేశాను, ఇంట్లో వాళ్ళు ఎక్కడానికి గొణుగుతున్నారు. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

పానా19
ముందుగా, స్ట్రట్ మీద నొక్కి ఉన్న స్ప్రింగుని ఇంట్లో విప్పొద్దు. స్ప్రింగుని నొక్కిపట్టే సరైన కంప్రెసర్ లేకుండా పైనట్టు విప్పితే అది ఫిరంగి గుండే.

షెడ్డులో దగ్గరుండి చూడాల్సింది ఒక్కటే ఉంది, అందరూ తప్పు చేసేదీ అక్కడే. ఆర్ముల బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. బండి దించగానే మెలి తిరుగుతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. వదులుగా పెట్టి, చక్రాలు నేలకి ఆనాక, నాలుగుసార్లు బండిని ఊపి అప్పుడు బిగించాలి.

బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ వైర్లు స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పినప్పుడు, చక్రం వేలాడినప్పుడు లాగుతున్నాయేమో చూడండి. కొన్ని బండ్లకి వెనక ఇరుసుకి కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వ్ ఉంటుంది, లోడుని బట్టి వెనక బ్రేకు పెంచుతుంది. బండి లేస్తే అది ఖాళీగా ఉందనుకుని బ్రేకు తగ్గిస్తుంది. మీకుంటే కడ్డీ సరిచేయించండి. అలైన్‌మెంట్ చేయించి, తర్వాత స్టీరింగ్ కోణం సెన్సర్ సరిచేయించి, హెడ్‌లైట్లు కిందికి దించండి. 500 కి.మీ. తర్వాత అన్ని బోల్టులూ మళ్ళీ చూడాలి. ఇన్సూరెన్సు వాళ్ళకి ముందే చెప్పండి.

ఎర్రమట్టి
మూడు వారాల తర్వాత వచ్చాను. ముందు 551, 555. తల వంచుకుని ఉండే బండి తలెత్తింది! అదే గాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఎక్కడా తగల్లేదు, ఒక్కచోట స్కిడ్ ప్లేట్ గీసుకుంది అంతే. గుంత దాటాక ఒక్క ఊపుతో ఆగుతోంది.

రెండు ఫిర్యాదులు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర వెనక నుంచి కీచుమని చప్పుడు. అలైన్‌మెంట్ కాగితంలో కాస్టర్ ఎడమ 1.8, కుడి 2.4 డిగ్రీలు. అంతకన్నా రాదన్నాడు. బండి కాస్త ఎడమకి లాగుతోంది.

పానా19
కీచు శబ్దానికి ఒకటే ప్రశ్న. వెనక ఆర్ముల బోల్టులు నేల మీద బిగించారా?

ఎర్రమట్టి
...ముందువి దగ్గరుండి చూశాను. వెనకవి బిగించేటప్పుడు ఫోను వస్తే బయటికి వెళ్ళాను.

పానా19
:) వదులు చేసి నేల మీద మళ్ళీ బిగించమనండి.

కొలతబద్ద
కాస్టర్ తక్కువున్న వైపుకే లాగుతుంది కాబట్టి ఎడమకి పోవడం లెక్క ప్రకారమే ఉంది. సర్దుబాటు బోల్టులు చివరికి వచ్చేశాయి. కాస్టర్ పెంచేలా చేసిన పై ఆర్ములు వేస్తే రెండువైపులా మూడు దాకా తేవచ్చు. త్వరగా చూసుకోండి.

ఎర్రమట్టి
బోల్టులు మళ్ళీ బిగించారు, చప్పుడు మాయం. పై ఆర్ములు ఆర్డర్ పెట్టాను, వచ్చాక కొత్త కాస్టర్ కాగితం ఇక్కడే పెడతాను. ఈలోపు నా మిత్రుడు నా బండి చూసి వాడికీ నాలుగు అంగుళాలు కావాలంటున్నాడు. వేబ్రిడ్జి దారి చూపించాను.